మల్లెకు సై... బంతికి నై!

విశాఖ నుంచి శ్రీకాకుళం వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి మీద, పెందుర్తి మీదుగా అనకాపల్లికి దారి చీలే చోట ఉంటుంది ఆనందపురం. పూల మార్కెట్‌కు పెట్టింది పేరు. పొద్దున్నే బుట్టలు దిగుతాయి, బేరాలు మొదలవుతాయి. ఎవరు ఎన్ని కిలోలు తెచ్చారు, ఎంతకు పోయింది, ఎవరికెంత బాకీ... అన్నీ పుస్తకంలోకి ఎక్కాల్సిందే.

అక్కడ తండ్రికి లెక్కల్లో సాయపడే ఓ కుర్రాడు ఉన్నాడనుకోండి. పొద్దున మార్కెట్, తర్వాత ఇంజినీరింగ్ కాలేజీ. కాలేజీలో ‘హాస్కెల్’ అనే కంప్యూటర్ భాష నేర్చుకుంటున్నాడు. నాన్న పుస్తకంలో రాసే లెక్కనే కంప్యూటర్‌లో రాద్దాం, అదీ తెలుగు పేర్లతోనే రాద్దాం అని కూర్చున్నాడు.

‘మల్లె’ అని రాశాడు. కంప్యూటర్ ఒప్పుకుంది. ‘లిల్లీ’ అన్నాడు. దానికీ సరేనంది. ‘బంతి’ అన్నాడు. కుదరదంది! ‘చామంతి’కీ అదే జవాబు. ‘గులాబీ’కీ అంతే.

పక్కనే ఉన్న తండ్రికి నవ్వొచ్చింది. ‘‘ఏటిరా, మల్లెను తీసుకుని బంతిని వద్దందా నీ మిషను?’’

మంచి ప్రశ్నే. మల్లెకు లేని దోషం బంతికి ఎక్కడి నుంచి వచ్చింది? అది తేలాలంటే కంప్యూటర్ భాషల్లో పేర్లు పెట్టే పద్ధతేమిటో కాస్త తెలుసుకోవాలి.

భాషకే పేరు దొరకలేదు!

హాస్కెల్‌ను ‘ఫంక్షనల్’ భాష అంటారు. అంటే ఏమిటంటారా? పిండిమర గుర్తు తెచ్చుకోండి. బియ్యం పోస్తే బియ్యప్పిండి వస్తుంది. గోధుమలు పోస్తే గోధుమపిండి వస్తుంది. ఈరోజు పోసినా, రేపు పోసినా అంతే. ఏది వేస్తే దానికి తగ్గదే రావాలి, ఎప్పుడు వేసినా అదే రావాలి. లెక్కల మాస్టారు చెప్పే ‘ఫంక్షన్’ కూడా ఇదే. ప్రోగ్రామ్ మొత్తాన్ని ఇలాంటి చిన్నచిన్న మరలుగా కట్టుకుంటూ పోవడమే ఈ భాషల పద్ధతి.

1987లో అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో జరిగిన ఓ సదస్సులో కలిసిన పరిశోధకులు, ఇలాంటి భాషలు తలా ఒకటి ఎందుకు, అందరికీ కలిపి ఒకటి చాలదా అనుకున్నారు. భాష అయితే తయారవుతోంది కానీ పేరే తేలలేదు. చివరికి హాస్కెల్ కర్రీ అనే అమెరికా తర్కశాస్త్రవేత్త (1900-1982) పేరు పెడదామనుకున్నారు. ముందు ‘కర్రీ’ అనే అనుకున్నారట. తెల్లారేసరికి మనసు మార్చుకున్నారు. ఆ పేరు పెడితే జోకులకు అంతుండదని వాళ్ల భయం! కూరల దేశం వాళ్లం, ఆ భయం మనకు బాగానే అర్థమవుతుంది. ఇంటిపేరు వదిలి అసలు పేరు తీసుకున్నారు. 1990లో హాస్కెల్ తొలి నివేదిక వెలువడింది.

అసలు తమాషా ఆ తర్వాతిది. పేరు వాడుకుంటామని ఆయన భార్య వర్జీనియా అనుమతి అడిగితే ఆవిడ సంతోషంగా ఒప్పుకున్నారు. కానీ తన భర్తకు హాస్కెల్ అన్న పేరు ఎన్నడూ నచ్చలేదని తర్వాత చెప్పారట! పెట్టేశాక ఇంకేం చేస్తారు? పేరుతో వచ్చిన చిక్కే అది. పెట్టేటప్పుడు తేలిక, మార్చాలంటే కష్టం.

ఇచ్చిన మాట తప్పదు

ఈ కష్టాన్నే ఫంక్షనల్ భాషలు నియమంగా చేసుకున్నాయి. మామూలు కంప్యూటర్ భాషల్లో పేరు అంటే పలక. పొద్దున ‘మల్లెధర’ అని రాసి పక్కన 400 వేయొచ్చు. గంట తర్వాత దాన్ని చెరిపి 450 అనొచ్చు. సాయంత్రం 200 అనొచ్చు. మధ్యాహ్నం వేసిన బిల్లులో ఏ ధర పడిందని అడిగితే, ఆ క్షణంలో పలక మీద ఏముందో చెప్పగలగాలి. పెద్ద ప్రోగ్రాముల్లో తప్పులు ఎక్కువగా దూరేది ఇలాంటి చోటే.

హాస్కెల్‌లో పేరు పలక కాదు, రాతి మీద చెక్కిన అక్షరం. మల్లెధర 400 అని ఒకసారి అన్నారంటే, ఆ పరిధిలో చివరిదాకా 400 అనే అర్థం. కింద మళ్లీ మల్లెధర 450 అంటే, ఒకే పేరు రెండుసార్లు పెట్టారేమని నిలదీస్తుంది. పోనీ ‘మల్లెధర అంటే మల్లెధరకు మరో 50 కలపడం’ అని రాస్తే? అది గానుగెద్దు ప్రయాణమే. మల్లెధర ఎంతో తెలియాలంటే ముందు మల్లెధర ఎంతో తెలియాలి. జవాబు ఎప్పటికీ తేలదు.

మరి ధర మారితే ఏం చేయాలి? కొత్త విలువకు కొత్త పేరు పెట్టాలి. పొద్దుటి ధర ఒకటి, సాయంత్రం ధర మరొకటి. రెండూ పక్కపక్కనే ఉంటాయి, ఒకదాన్నొకటి చెరిపేసుకోవు. మంచి గుమస్తా చేసేదీ ఇదే కదా! పుస్తకంలో పాత అంకె దిద్దడు. తేదీ వేసి కొత్త పద్దు రాస్తాడు. దిద్దిన పుస్తకాన్ని ఎవరూ నమ్మరని అతనికి తెలుసు.

పేరు చివర కామా లాంటి ఒంటి గుర్తు తగిలించి కొత్త పేరు చేసుకునే వీలు కూడా హాస్కెల్ ఇచ్చింది. పెద్దోడు, చిన్నోడు అన్నట్టుగా అది అసలు పేరుకు తోబుట్టువు. లెక్కల పుస్తకాల్లో ‘ఎక్స్ ప్రైమ్’ అని చదువుకున్నవారికి ఇది కొత్త కాదు.

టోపీ ఉంటేనే గౌరవం

రెండో నియమం మొదటి అక్షరం గురించి. హాస్కెల్‌లో మామూలు విలువల పేర్లు ఇంగ్లిషు చిన్న అక్షరంతో మొదలవ్వాలి. రకాల పేర్లు, అంటే ‘ఇది ఒక పువ్వు’, ‘ఇది ఒక ధర’ అని వర్గాన్ని చెప్పే పేర్లు, క్యాపిటల్ అక్షరంతో మొదలవ్వాలి. ఇది మర్యాద కోసం పెట్టిన ఆచారం కాదు, తప్పనిసరి వ్యాకరణం. మొదటి అక్షరం చూడగానే ఇది మనిషి పేరా, కులవృత్తి పేరా అన్నది తెలిసిపోవాలన్నమాట.

అన్నిచోట్లా ఇదే పద్ధతి అనుకునేరు. స్వీడన్‌కు చెందిన ఎరిక్సన్ కంపెనీలో 1986లో మొదలైన ‘ఎర్లాంగ్’ భాషలో సరిగ్గా దీనికి తలకిందులు. అక్కడ విలువలకు పెట్టే పేర్లే క్యాపిటల్‌తో మొదలవుతాయి. ఈ ఎర్లాంగ్ ఎక్కడిదో అనుకోకండి. మీ ఫోన్లోని వాట్సాప్ సందేశాలను అటూఇటూ చేరవేసే సర్వర్లను కట్టింది దానితోనే. అంటే ఇలాగే ఉండాలని దేవుడు రాసిపెట్టిన నియమం ఏదీ లేదు. భాష కట్టినవాళ్లు ఎలా అనుకుంటే అలా.

ఇప్పుడు చెప్పండి. మన తెలుగులో క్యాపిటల్ అక్షరాలు ఎక్కడున్నాయి? ‘ఆ’ పెద్దదా, చిన్నదా? లేదు కదా! అక్కడే ఉంది తిరకాసు. హాస్కెల్‌కు ఎక్కువమంది వాడే అనువాదక ప్రోగ్రామ్ పేరు జీహెచ్‌సీ. క్యాపిటళ్లు లేని లిపుల్లో రాసేవాళ్ల నుంచి ఫిర్యాదు వచ్చాకే, అలాంటి అక్షరాలన్నిటినీ చిన్న అక్షరాలుగా లెక్కగట్టాలని దాన్ని తయారుచేసినవాళ్లు తీర్మానించారు. దాంతో తెలుగు మాటలు విలువల పేర్లుగా పనికొచ్చాయి. కానీ రకాల పేర్లుగా పనికిరావు. అక్కడ తెలుగు మాట పెట్టాలంటే దాని నెత్తిన ఒక ఇంగ్లిషు క్యాపిటల్ అక్షరాన్ని టోపీలా పెట్టాల్సిందే. వాకిట్లోకి రానిచ్చారు, అరుగు మాత్రం ఎక్కనివ్వలేదు.

కొమ్ము, సున్నా చేసిన నేరం

సరే, మళ్లీ మన బంతిపువ్వు దగ్గరికొద్దాం. ప్రపంచంలోని లిపులన్నిటికీ కంప్యూటర్లో చోటిచ్చే పట్టిక యూనికోడ్. 1991 నాటి తొలి వెర్షన్‌లోనే తెలుగుకు స్థానం దక్కింది. మన కోసం కేటాయించినవి 128 గళ్లు. అచ్చులు, హల్లులు ఒక తరగతి. గుణింతం గుర్తులు మరో తరగతి. మనం ‘ఆనందపురం’ అంటే అయిదు అక్షరాలంటాం. కంప్యూటర్ ఎనిమిది అంటుంది. ఎందుకంటే రెండు సున్నాలను, ‘పు’లోని కొమ్మును అది విడిగా లెక్కేస్తుంది.

ఈ గుణింతం గుర్తుల్లో మళ్లీ రెండు జాతులు. అక్షరం నెత్తినో, కిందనో సర్దుకుని, వరుసలో తమకంటూ చోటు అడగనివి ఒక జాతి. గుడి, దీర్ఘం, ఎత్వం, పొల్లు ఇందులోకి వస్తాయి. అక్షరం పక్కన తమకంటూ చోటు తీసుకునేవి రెండో జాతి. కొమ్ము, సున్నా ఇందులో పడ్డాయి. జీహెచ్‌సీ 8వ తరం వెర్షన్లు మొదటి జాతిని పేర్లలోకి రానిచ్చాయి. రెండో జాతికి మాత్రం తలుపు తీయలేదు.

తిరకాసు విడిపోయింది చూశారా! ‘మల్లె’లో ఉన్నవి పొల్లు, ఎత్వం. సై. ‘లిల్లీ’లో గుడి, పొల్లు, గుడిదీర్ఘం. సై. ‘బంతి’, ‘చామంతి’లలో సున్నా ఉంది. నై. ‘గులాబీ’కి కొమ్ముంది. నై. ఇదే లెక్కన ‘అమ్మ’ చెల్లుతుంది, ‘నాన్న’ చెల్లుతుంది, ‘గురువు’ మాత్రం చెల్లదు. ఇక ‘ఆనందపురం’ సంగతి చెప్పనే అక్కర్లేదు. అందులో సున్నాలు రెండు, కొమ్ము ఒకటి!

ఎవరో తెలుగు మీద కక్షగట్టి చేసిన పని కాదిది. నియమం రాసినప్పుడు ఆ గదిలో బంతిపువ్వు పేరు రాసి చూసినవాళ్లు ఎవరూ లేరు. అంతే. అన్ని భాషలూ ఇలాగే ఉన్నాయనీ కాదు. ఎర్లాంగ్‌కు దగ్గరి చుట్టమైన ‘ఎలిక్సిర్’ భాష 2017లో వచ్చిన 1.5 వెర్షన్ నుంచి యూనికోడ్ సంస్థ సూచించిన నియమాల ప్రకారం పేర్లను అనుమతించింది. అందులో కొమ్ముకూ సున్నాకూ కూడా చోటుంది. నియమం మనుషులు రాసిందే కాబట్టి మనుషులే మార్చగలరని దీన్నిబట్టి తెలుస్తోంది. అడిగేవాళ్లు ఉండాలి.

కనిపించేదొకటి, ఉన్నదొకటి

అలాగని ‘ఏదైనా రాసుకోండి’ అని తలుపులు బార్లా తీసేస్తే సరిపోతుందా? అదీ ప్రమాదమే. ‘వైజాగ్’ అన్న మాటే తీసుకోండి. ‘వై’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు. ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వానికి కింద మరో గుర్తు చేర్చి రెండుగానూ రాయొచ్చు. కంటికి రెండూ ఒకటే. కంప్యూటర్‌కు వేర్వేరు. ఒక చోట ఒకలా, మరో చోట ఇంకోలా టైపు చేస్తే ఒకే ఊరు రెండు ఊళ్లైపోతుంది. అందుకే పేర్లను ముందుగా ఒకే రూపంలోకి తెచ్చుకోవాలన్న నియమం పుట్టింది.

అసలు కంటికే కనిపించని గుర్తులు కూడా ఉన్నాయి. ‘ఫోన్‌లో’ అన్న మాటలో ‘న’ కింద ‘ల’ వత్తు పడకుండా మధ్యలో ఒక అదృశ్య గుర్తు పెడతారు. చదివేవారికి అది ఉన్నట్టే తెలియదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను బెంబేలెత్తించిన తెలుగు అక్షరం గుర్తుందా? ‘జ్ఞా’ అన్న అక్షరం మధ్యలో ఈ అదృశ్య గుర్తు చేరిన సందేశం వస్తే చాలు, ఫోన్లోని యాప్‌లు కుప్పకూలాయి. ఆ నెల 19న యాపిల్ సంస్థ కొత్త వెర్షన్ ఇచ్చి సరిదిద్దాల్సి వచ్చింది. తప్పు అక్షరానిది కాదు. ఆ అక్షరం ఎలా కట్టుకుని వస్తుందో ముందుగా ఆలోచించని ప్రోగ్రామ్‌ది.

ఎవరింటి బుజ్జి?

మూడో నియమం పరిధి గురించి. ‘బుజ్జీ’ అని మీ ఇంట్లో పిలిస్తే మీ బుజ్జే పలుకుతుంది. పక్కింట్లో పిలిస్తే వాళ్ల బుజ్జి పలుకుతుంది. గొడవేమీ లేదు. ముద్దుపేరుకు ఇల్లే హద్దు. ఫంక్షనల్ భాషల్లోనూ ఒక చిన్న మరలో పెట్టుకున్న పేరు ఆ మర లోపలే చెల్లుతుంది. బయట అదే పేరు ఇంకొకటి ఉన్నా, లోపలున్నంతసేపు లోపలిదే చెల్లుబాటు.

కానీ బుజ్జి వీధిలోకొచ్చి, బడికెళ్లి, హాజరు పట్టీలో చేరాలంటే? అప్పుడు ఇంటిపేరు కావాలి. ఊళ్లకూ అంతే. కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలోనూ ఒక ఆనందపురం ఉంది. ఉత్తరం రాసేవాళ్లు ఊరి పేరుతో ఆపరు. మండలం, జిల్లా, పిన్‌కోడ్ చేరుస్తారు. హాస్కెల్‌లో సరిగ్గా ఇదే పని చేస్తారు. ముందు సమూహం పేరు, తర్వాత చుక్క, ఆ తర్వాత అసలు పేరు. ‘విశాఖ చుక్క ఆనందపురం’, ‘శివమొగ్గ చుక్క ఆనందపురం’ అన్నట్టుగా. ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత అన్న మన తెలుగు ఆచారమే అక్కడా కనిపిస్తుంది.

కాగితాల్లో మనిషి

ఇదంతా కంప్యూటర్ చదువుకునే పిల్లల గొడవ, మనకెందుకు అనుకుంటున్నారా? ఒకసారి మీ ఇంట్లో బీరువా తెరిచి కాగితాలు చూడండి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరమే ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు చివరికి వెళ్లి ఉంటుంది. పాస్‌పోర్ట్ దరఖాస్తులో ఇంటిపేరుకు ఒక గడి, అసలు పేరుకు మరో గడి. ‘లక్ష్మి’ అన్న పేరును ఇంగ్లిషులో ఒకరు ‘ఎక్స్’తో రాస్తారు, ఇంకొకరు ‘కే, ఎస్, హెచ్’తో రాస్తారు. చివర ఒకరు ‘ఐ’ పెడతారు, మరొకరు రెండు ‘ఈ’లు పెడతారు. ఇంట్లో అందరికీ ఆవిడ ఒకే లక్ష్మి. కంప్యూటర్‌కు ఒక్కో కాగితంలో ఒక్కో మనిషి. దానికి మనిషి తెలియదు, అక్షరాలే తెలుసు. పింఛను దగ్గరో, పొలం కాగితాల దగ్గరో, ఉద్యోగంలో చేరేటప్పుడో ఆ తేడా బయటపడితే అఫిడవిట్ల కోసం తిరగాల్సి వచ్చేది ఆ మనిషే.

ఈ మధ్య ఇది మరింత ముఖ్యమైంది. జనన మరణాల నమోదు చట్టం సవరణ 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ రోజు, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేర్పించడం మొదలు డ్రైవింగ్ లైసెన్సు దాకా పుట్టిన తేదీ, చోటు రుజువు చేసేది జనన ధ్రువపత్రమే. అంటే అక్కడ పడిన పేరే మిగతా అన్నిటికీ మూలం. బారసాల కాకముందే కంగారుగా ఏదో ఒక పేరు చెప్పేయాల్సిన అవసరం లేదు. పేరు లేకుండానే జననం నమోదు చేయించి, ఏడాదిలోగా ఏ రుసుమూ లేకుండా పేరు చేర్పించుకునే వీలును 1969 నాటి చట్టం కిందే కల్పించారు.

కాబట్టి పేరు ఖాయం చేశాక ఇంట్లో పెద్దవాళ్లంతా కూర్చుని ఒక కాగితం మీద రాసుకోవడం మంచిది. తెలుగులో ఎలా, ఇంగ్లిషులో ఏ అక్షరాలతో, ఇంటిపేరు పూర్తిగానా, పొడి అక్షరమా, ముందా, వెనకా... అన్నీ అందులో ఉండాలి. ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి, ఏ దరఖాస్తు నింపినా దాన్ని చూసే నింపాలి. ‘ఒక పరిధిలో ఒక పేరు, ఆ పేరుకు ఒకే అర్థం’ అన్న హాస్కెల్ నియమం ఇంటికీ పనికొస్తుంది.

మరి పూల మార్కెట్ కుర్రాడి సంగతి? అతనికీ దారి దొరికింది. ఈ ఆంక్షలన్నీ ప్రోగ్రామ్ లోపల వాడే పేర్లకే. కొటేషన్ గుర్తుల మధ్య రాసే మాటలకు అవి వర్తించవు. అక్కడ కొమ్మైనా, సున్నా అయినా హాయిగా రాసుకోవచ్చు. లోపలి పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో పెట్టాడు. పువ్వుల పేర్లన్నీ కొటేషన్లలో తెలుగులో రాశాడు. బిల్లు బయటికొచ్చింది. మల్లె కింద బంతి, బంతి కింద చామంతి, చివర మొత్తం.

తండ్రి కళ్లజోడు సర్దుకుని చదివాడు. ‘‘బానే ఉందిరా. అయితే లోపల మాత్రం బంతికి ఇంకా చోటు లేనట్టేనా?’’

‘‘అడగాలి నాన్నా. అడిగినవాళ్ల అక్షరాలకే చోటిచ్చారు’’ అన్నాడు కొడుకు.